సంచి ఎక్కడ కట్టాలి?

వంట గ్యాసు సిలిండర్లను సైకిలు మీద ఇళ్లకు చేర్చే మనిషిని మీరు చూసే ఉంటారు. ఇప్పుడు చాలా వీధుల్లోకి ఆటోలు వచ్చాయి గాని, ఇరుకు సందుల్లో ఈ పని ఎంతో కాలం సైకిలే చేసింది. నిండు సిలిండరు దాదాపు 30 కిలోల బరువు ఉంటుంది. అందులో గ్యాసు 14.2 కిలోలే, మిగిలింది ఇనుము. అతడు ఆ సిలిండరును క్యారియరు మీద నిలబెట్టడు. వెనుక చక్రానికి అటొకటి, ఇటొకటి కొక్కేలతో వేలాడదీస్తాడు. ఒక్కటే ఉంటే కొంచెం రెండో వైపుకు ఒరిగి తొక్కుతాడు. అతనికి గరిమనాభి అన్న మాట తెలియకపోవచ్చు. కాని అది ఎక్కడ ఉండాలో అతని మోకాళ్లకూ భుజాలకూ తెలుసు.

ముప్పయి ఏళ్లుగా పిల్లలకు గరిమనాభి పాఠం చెబుతున్న నాకు మాత్రం ఆ సంగతి నిరుడు చలికాలంలో గాని సరిగా బోధపడలేదు. నేను మొదటిసారి 200 కిలోమీటర్ల సైకిలు ప్రయాణానికి సంచి సర్దుకున్నప్పటి మాట ఇది.

ముందు ఈ ప్రయాణం ఏమిటో చెప్పాలి. దీనిని ‘బ్రెవే’ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు యోగ్యతాపత్రం అని అర్థం. ఇది పందెం కాదు. మొదట వచ్చినవారికి బహుమతి ఉండదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, అంతే. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ ప్యారిజియన్ అనే సంస్థ నియమాల ప్రకారం ఇవి అనేక దేశాల్లో జరుగుతాయి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ వీటిని చూస్తుంది. దీనికంతటికీ పెద్దన్న వంటిది ప్యారిస్ నుంచి సముద్రతీరంలోని బ్రెస్ట్ పట్టణానికి వెళ్లి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల ప్రయాణం. అది 1891లో పందెంగా మొదలయింది. ఆ ఏడు షార్ల్ టెరాం అనే ఆయన నిద్ర లేకుండా తొక్కి 71 గంటల 22 నిమిషాల్లో తిరిగివచ్చాడు.

బ్రెవేలో ఉన్న ముఖ్యమైన నియమం ఒకటే. ఎవరికి వారే దిక్కు. వెనుక కారు పెట్టుకుని, అందులో నీళ్లూ ట్యూబులూ వేసుకుని వెళ్లడానికి వీల్లేదు. నియమిత స్థానాల్లో తప్ప దారిలో మరెక్కడా సొంత మనుషుల సాయం తీసుకోకూడదు. పంచరైతే మీరే వేసుకోవాలి. చీకటి పడితే మీ దీపం మీ దగ్గరే ఉండాలి. కనుక సంచి సర్దడమన్నది ఇక్కడ సోకు కాదు. ఏది మోయాలి, ఏది వదలాలి, మోసేదాన్ని ఎక్కడ కట్టాలి అన్న మూడు ప్రశ్నల మీదే ప్రయాణం నడుస్తుంది.

నన్ను ఈ పనిలోకి దించినవాడు నా పాత విద్యార్థి. ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నాడు. “మాస్టారూ, మీరు రోజూ ఇరవై కిలోమీటర్లు తొక్కుతారు కదా, ఒకసారి శ్రీకాకుళం దాకా వెళ్లి వద్దాం” అన్నాడు. సరేనన్నాను. ముందురోజు సర్దినట్టుగా సర్ది చూద్దామని కూర్చున్నాను. రెండు ట్యూబులు, గాలి పంపు, పానాలు, తువ్వాలు, మారు బట్టలు రెండు జతలు, చెప్పులు, ఫ్లాస్కు, రెండు లీటర్ల నీళ్లు, మా ఆవిడ పెట్టిన పులిహోర డబ్బా, టార్చిలైటు, గొడుగు! అన్నీ మా అబ్బాయి కాలేజీ సంచిలో కూరి వీపుకు తగిలించుకున్నాను. పది కిలోల వరకు తూచే స్ప్రింగు త్రాసు ఒకటి మా బడి ప్రయోగశాలలో ఉంది. దానికి తగిలిస్తే 7 కిలోల 200 గ్రాములు తూగింది. ఆ పక్క ఆదివారం ఆ సంచితోనే రామకృష్ణా బీచి నుంచి భీమిలి దాకా పరీక్షగా వెళ్లి వచ్చాను. యాభై కిలోమీటర్ల పైచిలుకు.

ఋషికొండ ఎత్తు ఎక్కేటప్పటికే చొక్కా వీపు భాగం పిండితే నీరు కారేటట్టు అయింది. భీమిలి దగ్గర దిగేసరికి మెడ తిరగడం లేదు. తిరుగు ప్రయాణంలో అరచేతులు తిమ్మిరెక్కాయి. ఎందుకని?

మన ఒంటి వేడిని తగ్గించేది చెమట కాదు, చెమట ఆవిరి కావడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని ఒంటి నుంచి పట్టుకుపోతుంది. దీనినే మీరు గుప్తోష్ణం అని చదువుకున్నారు. విశాఖలో గాలి ముందే తేమతో నిండి ఉంటుంది గనుక చెమట ఆవిరి కావడం కష్టం. సైకిలు కదలిక వల్ల వచ్చే గాలి ఒక్కటే మనకు ఆసరా. వీపంతా సంచితో కప్పేస్తే ఆ ఆసరా కూడా పోతుంది. చెమట కారుతుంది గాని చల్లబరచదు. ఒంట్లో నీరు, ఉప్పు దండుగ.

ఇక బరువు సంగతి. వీపు మీది ఏడు కిలోలను సైకిలు నేరుగా మోయదు. ముందు మన వెన్నెముక, భుజాలు, అరచేతులు, కూర్చునే ఎముకలు మోస్తే, ఆ తరువాత సీటు, హ్యాండిలు మోస్తాయి. ముందుకు వంగి కూర్చున్నాం గనుక ఆ బరువులో కొంత చేతుల మీద పడుతుంది. ఒక గంటకు ఇది తెలియదు. పన్నెండు గంటలకు తెలుస్తుంది. ఒంటికి కట్టిన బరువును ఒళ్లు మోస్తుంది, సైకిలుకు కట్టిన బరువును చక్రాలు మోస్తాయి. ఇంత చిన్న విషయం సైన్సు మాస్టారుకు భీమిలి దాకా వెళితే గాని తట్టలేదని మా శిష్యుడు నవ్వాడు.

సరే, వీపు సంచి వద్దు. మరి హ్యాండిలుకు తగిలిస్తే?

ఇది మనవాళ్లకు బాగా అలవాటయిన పద్ధతి. 1980లలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో గాజువాక రోడ్డు మీద తెల్లవారుజామున బారులు తీరిన సైకిళ్లను నేను కుర్రవాడిగా చూశాను. ప్రతి హ్యాండిలుకూ ఒక టిఫిను క్యారియరు ఊగుతూ ఉండేది. కొందరిది బాగా ఊగేది, కొందరిది ఊగేదే కాదు. ఊగనివాళ్లు ఏం చేశారో అప్పుడు గమనించలేదు గాని, ఇప్పుడు లెక్క వేసి చూడవచ్చు.

వేలాడే టిఫిను క్యారియరు ఒక లోలకం. హ్యాండిలు నుంచి దాని గరిమనాభి వరకు 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. లోలకపు డోలనావర్తన కాలం సూత్రం మీకు తెలుసు: పొడవును గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు ‘పై’ లతో గుణించాలి. 0.30ని 9.8తో భాగించి వర్గమూలం తీస్తే 0.175. దానిని 6.28తో గుణిస్తే 1.1 సెకన్లు. అంటే ఆ క్యారియరు 1.1 సెకన్లకు ఒకసారి అటూ ఇటూ ఊగుతుంది. ఇప్పుడు తొక్కే మనిషిని చూడండి. నింపాదిగా తొక్కేవాడు నిమిషానికి 55 సార్లు పెడలు తిప్పుతాడు. ఒక్కో చుట్టుకు 60ని 55తో భాగిస్తే, అదీ 1.1 సెకన్లే! ప్రతి చుట్టులో కుడికాలు నొక్కినప్పుడు హ్యాండిలు ఒక పక్కకు, ఎడమకాలు నొక్కినప్పుడు రెండో పక్కకు కొద్దిగా ఒరుగుతుంది. ఉయ్యాలను సరిగ్గా దాని లయకు తగినట్టు తోస్తే ఏమవుతుందో మీకు తెలుసు. చిన్న తోపులే ఊపును పెంచుకుంటూ పోతాయి. దీనినే అనునాదం అంటారు. క్యారియరు ఊగి ముందుచక్రాన్ని లాగుతుంది, చక్రాన్ని సరిచేయడానికి మనిషి హ్యాండిలు తిప్పుతాడు, ఆ తిప్పుడు క్యారియరును మళ్లీ ఊపుతుంది. లారీలు పోయే రోడ్డు మీద ఈ తూలుడు ప్రాణాంతకం.

దీనికి విరుగుడు తేలిక. క్యారియరును వేలాడదీయకుండా హ్యాండిలుకు రెండు మూడు చోట్ల బిగించి కట్టాలి. ఊగడానికి వీలు లేనిది లోలకం కాదు. ఇప్పుడు దొరికే చాలా హ్యాండిలు సంచులకు ఒకటికి మించి పట్టీలు ఉండటం ఇందుకే. అయినా అందులో బరువైనవి పెట్టకూడదు. హ్యాండిలుతోపాటు సంచీ తిరగాలి గనుక, ఎంత బరువుంటే తిప్పడానికి అంత బద్ధకిస్తుంది. తిప్పాక ఆపడానికీ అంతే. గాలికోటు, బిస్కట్లు, దారి రాసుకున్న కాగితం వంటి తేలిక వస్తువులకు అది మంచి చోటు.

ఇక క్యారియరు. బియ్యం బస్తా వేసిన సైకిలు మీద నుంచి మనిషి దిగగానే ముందుచక్రం గాలిలోకి లేవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ సైకిలు ఒక తులాదండం. వెనుక ఇరుసే దాని ఆధారం. ఇరుసుకు ముందున్న బరువు ముందుచక్రాన్ని నేలకు నొక్కుతుంది. ఇరుసుకు వెనుకనున్న బరువు దానిని పైకి లేపుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 105 సెంటీమీటర్లు, మన 6 కిలోల మూట వెనుక ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనుకగా ఉందనుకోండి. భ్రామకాలు సమం చేస్తే ముందుచక్రం మీద బరువు 6ను 20తో గుణించి 105తో భాగించినంత, అంటే 1.14 కిలోలు తగ్గుతుంది. వెనుకచక్రం మీద 6 కాదు, 7.14 కిలోలు పెరుగుతుంది. ముందుచక్రం తేలికైతే ఎత్తు ఎక్కేటప్పుడు అది దారి తప్పుతుంది. వెనుకచక్రం పుల్లలకు అసలే పని ఎక్కువ, విరిగేవి ఎక్కువగా అక్కడివే. అదే మూటను ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కొంచెం ముందుకు జరిపి కడితే ఈ బాధ ఉండదు. ఇంట్లో రెండు బరువు తూచే యంత్రాలు దొరికితే ఒక్కో చక్రం కింద ఒక్కొక్కటి పెట్టి, ఒక ఇటుకను ముందుకూ వెనక్కూ జరుపుతూ మీరే కొలిచి చూడండి. సైకిలును పట్టుకునే తోడు ఒకరుండాలి సుమా.

మన రేవులో ఓడలకు సరకు ఎత్తేవారికి ఈ లెక్కలు నిత్యకృత్యం. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు నుంచి ఇనుప ఖనిజం దశాబ్దాలుగా పై దేశాలకు పోతోంది. ఈ ఖనిజం చాలా సాంద్రమైనది. ఓడ గది నిండకముందే ఓడ మోయగల బరువు నిండిపోతుంది. గది అడుగున కొద్ది ఎత్తు వరకే ఖనిజం, పైన అంతా ఖాళీ. గరిమనాభి బాగా కిందికి పోయింది, ఓడ భద్రం అనుకుంటాం. నిజమే, బోల్తా పడదు. కాని అలాంటి ఓడ బిరుసెక్కుతుంది. అలకు ఒరిగితే విసురుగా లేచి మళ్లీ అటు ఒరుగుతుంది. నావికులకు నిలబడటమే కష్టమవుతుంది. మరొక ప్రమాదం సరకు జారడం. తడిసిన ఖనిజపు పొడి ఒక్కోసారి చిక్కటి ద్రవంలా ఒక పక్కకు ప్రవహిస్తుంది. అలా ఒరిగి మునిగిన ఓడలు ఉన్నాయి. కనుక సరకు ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, కదలకుండా ఉందా అన్నది మరొక ప్రశ్న. సైకిలు సంచికీ ఇదే. సగం నిండిన సంచిలో పానాలు గలగలలాడుతూ దొర్లుతుంటే ప్రతి మలుపులోనూ మీ సైకిలును ఎవరో వెనుక నుంచి పట్టి లాగినట్టుంటుంది. సంచి చిన్నదై బిగువుగా నిండాలి. పెద్ద సంచి కొంటే ఇంకో నష్టం కూడా ఉంది. ఖాళీ కనిపిస్తే చేయి ఊరుకోదు.

ఇక్కడ ఒక పాత మాటను సరిచేసుకోవాలి. “బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది” అని నేనూ చాలాసార్లు పాఠంలో చెప్పాను. బల్లకు, బండికి, ఓడకు అది చాలావరకు సరే. కాని సైకిలుకు రెండే చక్రాలు. అది బల్లలా నిలబడదు, వేలి మీద నిలబెట్టిన కర్రలా నిలబడుతుంది. ఒక పెన్సిలును వేలి కొన మీద నిలబెట్టి చూడండి, వీలు కాదు. చీపురుకట్టను తలకిందులుగా నిలబెట్టండి, సులువు. బరువు ఎత్తులో ఉన్నది నెమ్మదిగా ఒరుగుతుంది గనుక సరిచేయడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. కాబట్టి సమంగా పోతున్నప్పుడు సంచి కాస్త ఎత్తులో ఉన్నా కొంపలు మునగవు. చిక్కు వచ్చేది ఆగినప్పుడు, దిగి నడిపించినప్పుడు, లేచి నిలబడి తొక్కుతూ సైకిలును అటూ ఇటూ ఊపినప్పుడు. అప్పుడు ఎత్తులో ఉన్న బరువు మన చేతుల్ని పెద్ద భ్రామకంతో లాగుతుంది. 1954లో వియత్నాంలో, దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి, సైకిలు ఒక్కింటి మీద 200 కిలోలకు పైగా సామాను కొండదారుల్లో తరలించారు. దానిని ఎవరూ తొక్కలేదు, నడిపించారు. బస్తాలు ఇరుపక్కలా కిందికి వేలాడగట్టారు. హ్యాండిలుకు ఒక వెదురు కర్ర కట్టి పొడిగించారు. తులాదండం చేయి పొడుగైతే చిన్న బలంతోనే ముందుచక్రం తిరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సంచి బరువెక్కువైతే ఎంత నష్టం? సంచి వెడల్పు ఎక్కువైతే ఎంత నష్టం? ఏది పెద్దది? మా తరగతిలో అడిగితే అందరూ బరువు అనే అన్నారు. లెక్క వేద్దాం.

5 కిలోల సంచి బరువు 49 న్యూటన్లు. తారురోడ్డు మీద సైకిలు టైరు దొర్లడానికి అయ్యే నిరోధం బరువులో వెయ్యింట ఆరు వంతులనుకుంటే, ఈ సంచి వల్ల పెరిగే నిరోధం 0.3 న్యూటన్లు. 200 కిలోమీటర్లకు పని 60,000 జౌళ్లు. ఇక గాలి. నిటారుగా కూర్చుని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషిని గాలి సుమారు 9 న్యూటన్లతో వెనక్కి తోస్తుంది. వెనుకచక్రానికి ఇరుపక్కలా కట్టిన రెండు పెద్ద సంచుల వల్ల అది పదో వంతు పెరిగిందనుకోండి. అంటే 0.9 న్యూటన్లు. 200 కిలోమీటర్లకు 1,80,000 జౌళ్లు. బరువు కంటే మూడు రెట్లు! సమతలమైన రోడ్డు మీద సంచి బరువుకన్నా సంచి వెడల్పే ఎక్కువ అలసట తెస్తుంది. అదే అరకు వెళ్లేవారైతే? 5 కిలోలను 900 మీటర్ల ఎత్తుకు తీసుకుపోవడానికి 5, 9.8, 900 గుణిస్తే 44,100 జౌళ్లు. 100 వాట్ల సామర్థ్యంతో తొక్కేవాడికి ఇది ఏడు నిమిషాల ఇరవై సెకన్ల పని. ఘాట్ రోడ్డు మీద గాలి నిరోధం దాదాపు ఉండదు, వేగమే లేదు గదా. అక్కడ బరువే బరువు. కనుక ఏ సంచి కొనాలన్న ప్రశ్నకు జవాబు మీరు ఎక్కడికి వెళుతున్నారన్న దానిలో ఉంది.

ఎదురుగాలి ఉంటే ఇంకా మాట మారుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ వేగం 20, ఎదురుగాలి 10 అయితే గాలికి మీరు 30తో పోతున్నట్టే లెక్క. నిరోధం రెండుంబావు రెట్లు. ఆ సంచుల పన్నూ రెండుంబావు రెట్లే.

అందుచేత నాకు తోచిన ఏర్పాటు ఇది. సైకిలు చట్రంలోని త్రికోణంలో ఒక సన్నటి సంచి. అది ఎలాగూ నా కాళ్ల మధ్యనే ఉంటుంది గనుక గాలికి కొత్తగా అడ్డుపడేది చాలా తక్కువ. రెండు చక్రాల నడుమ ఉంటుంది గనుక బరువైన వస్తువులన్నీ అందులో. మోకాళ్లకు తగలనంత సన్నంగా ఉందో లేదో తొక్కి చూశాకే కొనాలి. ఒక్కసారి తగిలే మోకాలు పన్నెండు గంటల్లో వేలసార్లు తగులుతుంది. సీటు వెనుక నా నడుము చాటున మరొక చిన్న సంచి, అందులో తేలికైనవి. హ్యాండిలుకు దగ్గరగా కడ్డీ మీద ఒక గుప్పెడంత సంచి, తొక్కుతూ తినడానికి.

సీటు సంచి దగ్గరే నేను పెద్ద తప్పు చేశాను. అది చెప్పక తప్పదు. రెండో పరీక్ష ప్రయాణంలో, ఆనందపురం వైపు రోడ్డు కాస్త పల్లంగా ఉన్నచోట, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో దిగుతున్నాను. సంచి పట్టీ బిగించాక మిగిలిన కొస జానెడు పొడవున వేలాడుతోంది. ఇంటి దగ్గర చూశాను, తరువాత కత్తిరిద్దాంలే అనుకున్నాను. సంచి ఊగి ఊగి కొంచెం కిందికి జారింది. ఆ కొస వెనుకచక్రం పుల్లల్లోకి పోయింది. ఒక్క చుట్టు తిరిగేలోగా పట్టీ బిగిసింది, చక్రం నిలిచిపోయింది. సైకిలు పక్కకు కోసుకుపోయి నేను ఎడమ వైపు మట్టిలో పడ్డాను. నా వెనుకే వస్తున్న లారీ నేను పడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో దాటిపోయింది. మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది. కుడివైపు పడి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. ముందుచక్రంలో పడి ఉంటే ఇంకా ఘోరం. ముందుచక్రం నిలిచిపోతే ఒంటి జడత్వం మనిషిని హ్యాండిలు మీదుగా విసిరేస్తుంది.

ఆ సంచి ఎందుకు ఊగింది? పానాలూ ట్యూబులూ అన్నీ దాని చివరి కొసన పెట్టాను. సీటు కడ్డీ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాల్సిన రెండు కిలోలు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. కిందికి లాగే భ్రామకం మూడు రెట్లు. పక్కకు ఊగడంలో చూపే జడత్వం దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక తొమ్మిది రెట్లు. బరువైనది కడ్డీకి ఆనుకుని, తేలికైనది చివర ఉండాలి. పట్టీ కొసలు మడిచి దారంతో కట్టాలి. సంచికీ టైరుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి, అదీ మీరు సీటు మీద కూర్చున్నాక ఎవరిచేతనైనా చూపించుకోవాలి. ఇప్పుడు నేను బయలుదేరే ముందు చక్రం చేత్తో తిప్పి, సంచిని గట్టిగా అటూ ఇటూ కదిపి చూడనిదే సైకిలెక్కను.

ఏది ముందు కావాలో అది పైన ఉండాలన్నది మరొక సంగతి. పంచరు సామాను అడుగున, దాని మీద బట్టలు, దాని మీద అరటిపళ్లు పెట్టామనుకోండి. రోడ్డు పక్క దుమ్ములో సంచంతా విప్పి పరచాలి. కొత్త ట్యూబు, సొల్యూషను, ప్యాచీలు, టైరు ఊడదీసే చెంచాలు, పంపు, ఆరు మూలల పానాలు, చెయిను లింకు, ఇవన్నీ ఒకే గుడ్డలో చుట్టి ఒకే చోట ఉంచాలి. చీకట్లో తడిమినా దొరకాలి. సాయం లేని ప్రయాణం ఎంత కఠినంగా ఉండేదో చెప్పడానికి ఫ్రాన్సులో ఒక కథ ఉంది, నిజంగా జరిగినది. 1913 టూర్ డి ఫ్రాన్స్ పందెంలో యూజీన్ క్రిస్టాఫ్ అనే ఆయన సైకిలు ముందు ఫోర్కు కొండ మీద విరిగింది. నియమం ప్రకారం ఎవరూ సాయపడకూడదు. సైకిలు మోసుకుంటూ ఊళ్లోకి నడిచి, కమ్మరి కొలిమి దగ్గర తానే దానిని అతికించుకున్నాడు. కాని తిత్తి ఊదడానికి ఒక కుర్రవాణ్ణి పిలిచినందుకు శిక్షగా ఆయన సమయానికి కొన్ని నిమిషాలు కలిపారు! మన బ్రెవేలో అంత కాఠిన్యం లేదు. దారిలో ఎవరికైనా అందుబాటులో ఉండే సైకిలు షాపును మీరూ వాడుకోవచ్చు.

నీళ్ల విషయంలో పిసినారితనం వద్దు, అత్యాశా వద్దు. లీటరు నీరు కిలో బరువు. జాతీయ రహదారి మీద ప్రతి ఊళ్లో టీ కొట్టు ఉంది. రెండు సీసాలు చాలు, అవి ఖాళీ కాకముందే నింపుకోవాలి. ఒక దానిలో ఉప్పూ పంచదారా కలిపిన నీరు ఉండాలి. లీటరుకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న చెంచాతో తలగొట్టి. తిండికి వేరుశనగ పట్టీలు, ఖర్జూరాలు, అరటిపళ్లు. పులిహోర మంచిదే గాని డబ్బా బరువు తిరుగు ప్రయాణంలోనూ మోయాలి. అరిటాకులో పొట్లం కట్టమన్నాను.

తడి సంగతి కూడా ఉంది. పాతకాలపు కాన్వాసు సంచి వానకు తడిస్తే దాని నూలు పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, లోపలికి నీరు ఎక్కువగా దిగదు. కొత్త సంచుల గుడ్డ నీటిని రానివ్వదు గాని కుట్ల రంధ్రాల్లో నుంచి, జిప్పుల నుంచి వస్తుంది. కేశనాళికల్లో నీరు పాకినట్టు కుట్టుదారం వెంట పాకుతుంది. మూతిని మూడు మడతలు చుట్టి బిగించే సంచికి ఈ బాధ తక్కువ. అది లేకపోతే ప్రతి వస్తువునూ ఒక ప్లాస్టిక్కు కవరులో చుట్టడమే చవకైన ఉపాయం. నూలు తువ్వాలు వద్దు. తడిస్తే దాని బరువు రెండింతలకు మించుతుంది, ఆరదు.

తక్కువ బరువులో ఎక్కువ పని చేసేది మెరిసే చొక్కా. దాని పట్టీల్లో సన్నటి గాజు పూసలో, చిన్న చిన్న మూలల అద్దాలో ఉంటాయి. మామూలు అద్దం వెలుగును ఎటో పంపేస్తుంది. ఇవి మాత్రం ఏ వైపు నుంచి వచ్చిన వెలుగును ఆ వైపుకే తిప్పి పంపుతాయి. లారీ దీపం వెలుగు లారీ డ్రైవరు కంటికే చేరుతుంది. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల పలక కూడా ఈ మూలల అద్దాలదే. భూమి నుంచి పంపిన లేసరు కాంతి దానికి తగిలి తిరిగి వస్తుంది. ఆ చొక్కా మీదుగా సంచి పట్టీలు రాకూడదు. వీపు సంచి మానడానికి ఇది మరొక కారణం.

చివరికి బయలుదేరిన రోజున నా సామాను, నీళ్లు కాక, 3 కిలోల 400 గ్రాములు తూగింది. తెల్లవారుజామున బయలుదేరి, తగరపువలస దగ్గర గోస్తని వంతెన దాటేసరికి వెలుగు వచ్చింది. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం. ఈశాన్యం నుంచి ఎదురుగాలి. మా శిష్యుడి సైకిలుకు రెండు పక్కల సంచులున్నాయి, అతనికి బలమూ ఉంది గనుక ఫిర్యాదు చేయలేదు, కాని ఆ పూటంతా నా వెనుకే వచ్చాడు. శ్రీకాకుళంలో నాగావళి కనిపించేసరికి ఆరున్నర గంటలు గడిచాయి. తిరుగుదారిలో అదే గాలి వీపును తోసింది. లావేరు రోడ్డు కూడలి దాటాక వెనుక టైరులో ముల్లు దిగింది. పంచరు గుడ్డ తీసి ట్యూబు మార్చి గాలి కొట్టడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. మొత్తం 12 గంటల 50 నిమిషాలు. గడువుకు నలభై నిమిషాలు మిగిలింది. సంచంతా విప్పి వెతుక్కుని ఉంటే ఎంత మిగిలేదో చెప్పలేను.

ఇంటికి వచ్చాక సంచి విప్పి సామానును బల్ల మీద మూడు కుప్పలుగా పోశాను. వాడినవి ఒక కుప్ప. వాడకపోయినా ఉండి తీరవలసినవి రెండో కుప్ప: రెండో ట్యూబు, చెయిను లింకు, దీపానికి మారు బ్యాటరీ, కట్టు గుడ్డ. వాడనివీ, అక్కర లేనివీ మూడో కుప్ప. ఆ కుప్పను తిరిగి స్ప్రింగు త్రాసుకు తగిలించాను. 900 గ్రాములు. అందులో సగం మారు చొక్కా, లుంగీ. మిగిలింది ఒక పుస్తకం. దారిలో చదువుదామని పెట్టుకున్నానట!